అడుగుల లెక్క

మార్కెట్ ఎల్డింగ్‌లో దిగి మారాల్సిన రైలు
నా కళ్ళ ముందే వెళ్ళిపోయింది.
తరువాతిది రెండు గంటలకు.
టికెట్ కిటికీ పక్కన అట్టపెట్టెలో
పసుపుపచ్చ కాగితాల మడతలు:
"మా ఊరు మీ అంతట మీరే చూడండి. యాభై పెన్నీలు."
చిల్లర డబ్బాకి తాళం ఉంది,
డబ్బా పక్కన మనిషి లేడు.

మొదటి మజిలీ వెన్న మంటపం.
ఎనిమిది రాతి కాళ్ళ మీద ఒక పెంకుల టోపీ.
చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు
ఈ నీడలో కూర్చుని వెన్న అమ్మేవారట, కరగకుండా.
ఇవాళ ఇద్దరు బడిపిల్లలు
ఒకే పొట్లంలోంచి వెనిగర్ కారే ఆలూ ముక్కలు
వేళ్ళు కాల్చుకుంటూ తింటున్నారు.
నీడ మాత్రం తన పని మానలేదు.

"ఇక్కడి నుంచి తూర్పుకి నలభై అడుగులు,
సింహం మొహం ఉన్న తలుపు" అంది కాగితం.
నడిచాను.
నలభైకి చెప్పుల కొట్టు అద్దంలో
నాకు నేనే ఎదురొచ్చాను.
సింహం దొరికింది యాభై ఆరుకి,
ముక్కు అరిగిపోయి, ఉత్తరాలు మింగే నోరు తెరుచుకుని.

"తొంభై అడుగులు, పాత బావి."
నూట ఇరవై ఆరు.

అప్పుడు తట్టింది, ఇది రాసినవాడు పొడగరి.
అక్కడి నుంచి ఊరు చూడటం తగ్గించి
అతన్ని చూస్తూ నడిచాను.
సారాయి కొట్టు గుమ్మంలో "తల జాగ్రత్త" అన్నాడు.
దూలం నా తలకి రెండు జానల పైనుంది.
ఈ గోడ మీంచి చూస్తే బేరి తోట అన్నాడు.
నాకు గోడే కనిపించింది,
నాచు, దాని మీద ఏ తొందరా లేని ఒక నత్త.
కుక్కలున్న ఇళ్ళన్నిటికీ చుక్క గుర్తు పెట్టాడు.
ఎందుకో?

ఏడో మజిలీ, అంగడి గోడలో దిగేసిన ఇనపకడ్డీ.
దాని మీద గాట్లు: అడుగు, రెండడుగులు, గజం.
బట్టలవాడి చెయ్యి పొట్టిదని అనుమానమొస్తే
కొన్నావిడ గుడ్డ తెచ్చి ఇక్కడ పరిచి చూసేదట.
ఆ ఇనుముకీ, కదిలే కాలికీ
నా భాషలో ఒకటే మాట.
దారి తెలియనివాడికి చెప్పే మాటా అదే:
అడుగు.

అడిగాను.
ఏటి ఒడ్డున బెంచీ మీద ఓ పెద్దాయన,
ముందు నాలుగు కాళ్ళ ఊతం,
దాని కాళ్ళకి తొడిగిన టెన్నిస్ బంతులు.
జవాబివ్వలేదు. నా చేతిలో పసుపు కాగితం చూసి
"సింహానికి ఎన్నొచ్చాయి మీకు?" అన్నాడు.
యాభై ఆరు.
హెడ్లీ పాస్క్ నవ్వాడు, భుజాలు మాత్రమే కదిలేలా.
"నాకిప్పుడు నూట పది. మొన్ననే లెక్కపెట్టా."

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊరి పోస్ట్‌మ్యాన్.
కౌన్సిల్ ఆఫీసులో రొవీనా అనే అమ్మాయి
మీటర్లలోకి మార్చి మళ్ళీ అచ్చేద్దామందట.
"మీటర్లతో ఎవడైనా ఉత్తరాలు పంచాడా?" అని
ఆ పిల్ల మీద కోపం ఏటి మీద చూపించాడు.

చివరి మజిలీ వంతెన. "ముప్పై అడుగులు."
ఇద్దరం లేచాం.
ఆయన పైకి లెక్కపెట్టాడు, నేను లోపల.
నావి ముందే అయిపోతుంటే ఆగాను,
ఆగినవి లెక్కలో వెయ్యలేదు.
నలభై రెండు. ఎనభై మూడు.
వంతెన ఒకే చోట ఉంది.

"ఇక్కడ తప్పక ఆగండి" అని రాసుంది కాగితంలో,
గీత గీసి మరీ.
కింద నీళ్ళు, ఒక విరిగిన సైకిల్ చక్రం.
ఏం చూడాలి ఇక్కడ, అన్నాను.
"ఏమీ లేదు" అన్నాడు, రాతిగట్టు నిమురుతూ.
"సరిగ్గా నా నడుమంత ఎత్తు.
సంచీ దించుకునేవాణ్ణి."